సిలారు ఇచ్చేసిన బిడ్డ

సత్తెనపల్లికి ఆరు మైళ్ల అవతల ఆ ఊళ్లో దూదేకుల సిలారంటే తెలియని ఇల్లు లేదు. పెళ్లి పరుపులు, బాలింతల బొంతలు, ముసలివాళ్ల దిండ్లు అన్నీ అతని చేతి మీదుగా వెళ్లినవే. దూది ఏకే విల్లును సైకిలుకు కట్టుకుని పొద్దున్నే బయలుదేరితే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, పొద్దుగూకే వేళకు జుట్టూ మీసాలూ దూదిపీచుతో తెల్లబడి ఇల్లు చేరేవాడు. "వచ్చాడమ్మా మా ఇంటి ముసలాయన" అని భార్య జోహరాబీ నవ్వుతూ గుమ్మంలోనే తుండుగుడ్డతో దులిపేది. దులిపాకే పిల్లల్ని దగ్గరికి పోనిచ్చేది.

తొంభై ఎనిమిది మార్చిలో జోహరాబీకి మూడో కాన్పు వచ్చింది. మిరపకోత నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా నొప్పులు మొదలయ్యాయి. ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజున జ్వరం తగిలింది. బాలింత జ్వరమే కదా, అదే తగ్గుతుందిలే అనుకున్నారు. ఆరో రోజుకి ఒళ్లు తెలియలేదు. గుంటూరు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

అప్పటికి పెద్దపిల్ల ఫిజాకు తొమ్మిదేళ్లు, కలీంకు ఐదు. సిలారుకు తల్లి లేదు, తోబుట్టువులు లేరు. పక్కింటి కోటిరత్నం చంటిబిడ్డ తల్లి. ఎవరూ అడక్కుండానే వచ్చి పసిదాన్ని ఒళ్లోకి తీసుకుంది. "నా కొడుక్కి ఒక పక్క, ఈ తల్లికి ఒక పక్క" అంటూ మూడు నెలలు తన పాలిచ్చి బతికించింది. తర్వాత ఆమెకీ పాలు తగ్గిపోయాయి. అప్పట్నుంచి పసిదాని బరువంతా ఫిజా మీద పడింది.

పేరు పెట్టింది కూడా ఫిజాయే. తన వాచకంలో తాజమహలు పాఠం ఉంది. అందులోంచి ముంతాజ్ అనే పేరు తీసి చెల్లెలికి పెట్టుకుంది. పాలు కాచి చల్లార్చడం, ఉగ్గు కలపడం, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయడం కోటిరత్నాన్ని చూసి నేర్చుకుంది. ఒకసారి పక్కవాళ్ల మిరపకాయలకు తొడిమలు తీసి, చేతులు సరిగ్గా కడుక్కోకుండా పసిదాని మొహం తుడిచింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఫిజా కూడా దాన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత మళ్లీ మిరపకాయ ముట్టుకోలేదు. కూరలో పచ్చికారం కూడా గరిటెతోనే వేసేది.

బడి మాత్రం మానేసింది. శ్రావణంలో ఒకనాడు సుబ్బరావమ్మ టీచరు ఇంటికే వచ్చింది.

"ఏం సిలారూ, పిల్లని బడికి పంపవా? లెక్కల్లో క్లాసుకంతా అదే ఫస్టు."

"పంపాలనే ఉందండి. ఆ పసిదాన్ని ఎవరు చూస్తారు చెప్పండి?"

"ఆ పసిదాన్ని చూసేది కూడా పసిదేనయ్యా" అంది ఆవిడ.

ఆ మాట సిలారు లోపల ముల్లులా ఉండిపోయింది.

వానలు వెనకబట్టాక ముంతాజుకు విరోచనాలు పట్టుకున్నాయి. రెండు రోజుల్లో పిల్ల పీనుగులా అయిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. కబురందుకుని మార్కాపురం నుంచి జోహరాబీ అక్క జైతున్‌బీ వచ్చింది. పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఆమెకు పిల్లల్లేరు. వచ్చిన దగ్గర్నుంచి ఎనిమిది రోజులు పసిదాన్ని ఒళ్లోంచి దించలేదు. డిశ్చార్జి రోజున ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"సిలారూ, దీన్ని నాకిచ్చెయ్. నా చెల్లెలి పేగు. కళ్లలో పెట్టుకుని పెంచుకుంటా. నీ పెద్దపిల్ల కూడా బడికి పోద్ది."

సిలారు ఆసుపత్రి చీటీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్కటే మాట. అది నన్నే అమ్మ అనుకోవాలి. నువ్వు గానీ, పిల్లలు గానీ ఎప్పుడూ నోరు జారకూడదు."

వారం రోజులు ఆలోచించాడు. ఎటు తిప్పినా దారి అక్కడికే వస్తోంది. అతను ఊళ్లు తిరిగితేనే పొయ్యి వెలుగుతుంది. పిల్లకు మళ్లీ జబ్బు చేస్తే తొమ్మిదేళ్ల ఫిజా ఏం చేస్తుంది? చివరికి రమ్మని కబురు పెట్టాడు. అయితే ఫిజాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

జైతున్‌బీ వచ్చే రోజున పొద్దున్నే కూతురికి తనే జడలు వేశాడు. అడ్డదిడ్డంగా వచ్చాయి.

"ఇవాళ్టికి నేను చూసుకుంటాలే పాపని. నువ్వు బడికి పో."

ఫిజా మొహం వెలిగిపోయింది. "పదింటికి పాలు పట్టు నాన్నా. ఎక్కువ వేడి చేయమాక" అని రెండుసార్లు చెప్పి, చెల్లెల్ని ముద్దుపెట్టుకుని పలక పట్టుకుని పరుగెత్తింది.

మధ్యాహ్నం అన్నం బెల్లుకు ఇంటికొచ్చింది. ఉయ్యాల లేదు. దండెం మీద ఆరేసిన గుడ్డలూ లేవు.

"పాపేది నాన్నా?"

"పెద్దమ్మ తీసుకెళ్లింది తల్లీ. అక్కడైతే బాగా..."

ఆ మాట పూర్తి కానే లేదు. ఫిజా బస్సుల దగ్గరికి ఎండలో పరుగు తీసింది. సిలారు వెనకాల పరుగెత్తాడు. బస్సు వెళ్లి గంట దాటింది. ఖాళీ రోడ్డు పక్కన ఒగురుస్తూ నిలబడిన కూతుర్ని చూసి అతను దూరంగానే ఆగిపోయాడు. అంతసేపూ ఫిజా ఏడవలేదు. ఇంటికొచ్చి కలీంకు అన్నం పెట్టి మళ్లీ బడికి వెళ్లింది.

అప్పట్నుంచి ఒక్కరోజు కూడా బడి మానలేదు. తండ్రికి వండిపెట్టింది, తమ్ముణ్ని సాకింది, ప్రతి క్లాసూ ఫస్టున పాసయింది. చెల్లెలి పేరు మాత్రం నోట రానివ్వలేదు. సిలారు ఎప్పుడన్నా ఆ ఊసెత్తబోతే గిన్నెలు తోముకోవడానికి పెరట్లోకి పోయేది. జైతున్‌బీ మొదటి రెండేళ్లు పండక్కి పిల్లను తీసుకొచ్చింది. పిల్లకు మాటలొచ్చాక, "పోలికలు చూసి ఎవరన్నా దాని ముందే అనేస్తారు" అని రావడం మానేసింది.

ఏళ్లు గడిచాయి. రెడీమేడు పరుపులు వచ్చాయి, ఏకే మిషన్లు వచ్చాయి. సిలారు విల్లుకు పని తగ్గింది. పనికోసం దూరాలు పోవాల్సి వచ్చేది. రెండువేల ఐదులో, పత్తి తీతలు జోరుగా ఉన్న రోజుల్లో, విల్లును బస్సు టాపు మీద వేయించి మార్కాపురం వెళ్లాడు. పని అక్కడే దొరుకుతుందని తనకు తను చెప్పుకున్నాడు గానీ, ఆ అబద్ధం మీద తనకే నమ్మకం లేదు.

"పరుపులు ఏకుతామమ్మా! దిండ్లు కుడతామమ్మా!" అని అరుస్తూ జైతున్‌బీ ఉండే వీధిలోకి తిరిగాడు. మూడో ఇంట్లోంచి ఏడేళ్ల పిల్ల బయటికొచ్చింది. పైపళ్లు రెండు ఊడిపోయి ఉన్నాయి.

"ఏంటిది తాతా? వీణా?"

"కాదమ్మా. దూది ఏకే విల్లు."

"ఏదీ, మోగించు."

సిలారు అరుగు మీద కూర్చుని నారిని లాగి వదిలాడు. గుయ్యిమని మోగింది. పిల్ల కిలకిల నవ్వి "మళ్లీ" అంది. అతను మళ్లీ మోగించాడు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు.

"ఎవరే నస్రీన్?" అంటూ జైతున్‌బీ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్లకి పేరు మార్చారని సిలారుకు అప్పుడే తెలిసింది. ఆమె పిల్లను దగ్గరికి లాక్కుని, "మీ బాబాయే. సలాం చెప్పు" అంది.

అన్నం పెట్టింది. మాంసం కూర కొసరి కొసరి వడ్డించింది. పిల్ల ఆటకు వెళ్లాక గొంతు తగ్గించి అంది: "ఇట్టా మళ్లీ రావొద్దు సిలారూ. నువ్వు ఎక్కడ అడుగుతావోనని ఏడేళ్లుగా బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నా."

"అడగను వదినా. ఇచ్చిన బిడ్డని ఎవరన్నా అడుగుతారా?"

ఇంటికొచ్చాక ఆ సంగతి దాచుకోలేకపోయాడు. పొయ్యి దగ్గరున్న ఫిజాకు చెప్పాడు. ఈసారి ఆమె లేచి వెళ్లలేదు.

"ఎంత ఎత్తుంది?"

"నా మొలదాకా ఉంటుంది."

"జుట్టు ఒత్తుగా ఉందా? అన్నం తింటోందా? బడికి పోతోందా?"

అతను జుట్టు సంగతి గమనించలేదు. బడి సంగతి అడగలేదు. ఫిజా కట్టెలు ఎగదోస్తూ, తలెత్తకుండానే అంది: "నన్నొక్క మాట అడిగి ఇవ్వాల్సింది నాన్నా."

"తొమ్మిదేళ్ల పిల్లవి. నిన్నేం అడిగేది తల్లీ?"

"పెంచడానికి చాలిన దాన్ని, అడగడానికి చాలకపోయానా?"

ఏడేళ్లుగా ఆ ప్రశ్న వస్తుందని సిలారుకు తెలుసు. ఎన్ని జవాబులో సిద్ధం చేసుకున్నాడు కూడా. అవన్నీ వదిలేసి, ఇంకో రెండు కట్టెలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

ఫిజా ఇంటరు పాసయింది. రెండువేల ఎనిమిదిలో నల్లపాడు సంబంధం కుదిరింది. కుర్రాడు కరెంటు పని చేస్తాడు, నెమ్మదైనవాడు. పెళ్లికి జైతున్‌బీ పిల్లను తీసుకునే వచ్చింది. పదేళ్ల నస్రీను వచ్చిన నిమిషం నుంచి "అక్కా, అక్కా" అని పెళ్లికూతురి వెంటే తిరిగింది. పిన్ని కూతురైనా అక్కే, సొంత తోబుట్టువైనా అక్కే. ఆ పిలుపుకి ఏ అడ్డూ లేదు. ఫిజా గోరింటాకు పెట్టిన చేతుల్ని పట్టించుకోకుండా పిల్లకు అన్నం ముద్దలు కలిపి పెడుతోంది. సిలారు పందిరి గుంజ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఇంతలో నస్రీను అతని దగ్గరికి పరుగున వచ్చి, "బాబాయ్, అక్క మంచినీళ్లు తెమ్మంది" అంది. తెచ్చి ఇచ్చాడు.

అప్పగింతల వేళ ఫిజా తండ్రి చేతులు పట్టుకుంది.

"పాపని బాగా పెంచింది నాన్నా పెద్దమ్మ. నేనైతే అట్టా పెంచలేకపోయేదాన్నేమో."

పదేళ్లుగా ఏ మాట కోసం ఎదురు చూశాడో ఆ మాటే అది. తీరా విన్నాక సిలారుకు ఊరట కలగలేదు. కూతురు తనని క్షమించడం కోసం, తొమ్మిదేళ్ల వయసులో అంత ప్రేమగా చేసిన చాకిరీని తనే చిన్నది చేసుకుంటోందని అతనికి అర్థమైంది. "లేదమ్మా, బాగా పెంచావు. నువ్వే బతికించావు దాన్ని" అన్నాడు. మేళాల మోతలో ఫిజాకు వినిపించిందో లేదో తెలియదు. అప్పటికే మగపెళ్లివాళ్లు ఆమెను కారెక్కిస్తున్నారు.

కాసేపటికి మార్కాపురం వాళ్లు కూడా లేచారు. నస్రీను నిద్రమొహంతో "వెళ్లొస్తాం బాబాయ్" అంది. సిలారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. జుట్టు ఒత్తుగానే ఉంది.