సువార్త రాసిన ఎర్రర్ పేజీ

2023లో నేను ఏలూరులోని ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో పనిచేస్తూ, ఒక ప్రోగ్రామింగ్ భాషకు తెలుగు డాక్యుమెంటేషన్ చూసేవాణ్ణి. అంటే ఆ భాషను ఎలా వాడాలో చెప్పే పేజీలు. దాదాపు అన్నీ నేనే రాశాను. తప్పులుండవని పేరు. కొత్తవాళ్లు మాత్రం రెండో పేజీ దాటేవారు కాదు. వాళ్లకి ఓపిక లేదనుకునేవాణ్ణి.

సువార్త అనే అమ్మాయి మండవల్లి నుంచి బస్సులో వచ్చేది. అంతకుముందు చేపల మేత దుకాణంలో, ఏ మందు ఎలా వాడాలో చెరువుల రైతులకు చెప్పేదట. మా దగ్గరే నేర్చుకుని ల్యాబ్‌లో సహాయకురాలిగా చేరింది. ఒకరోజు ఎర్రర్ల మీద, అంటే మనం రాసింది అర్థంకాక కంప్యూటర్ చూపే సందేశాల మీద, ఒక పేజీ రాసి ల్యాబ్ కంప్యూటర్లలో పెట్టింది. అదే విషయం మీద నా పేజీ ‘వాక్యనిర్మాణ దోషములు’ అని మొదలయ్యేది. ఆమెది ఇలా: “ఎర్రర్ వచ్చిందా? కంగారు పడకండి. మీరు ఏదీ పాడుచేయలేదండి.”

వారం తిరక్కుండా అందరి స్క్రీన్ల మీదా అదే. “మిగతావి కూడా ఆవిడ చేతే రాయించకూడదాండీ?” అన్నాడు, నేర్చుకోవడానికి వచ్చే ఒకాయన. అవి నేను రాసినవని ఆయనకు తెలియదు. నవ్వాను గానీ, ఆ పూట అన్నం సహించలేదు.

పేజీ వెబ్‌సైట్‌లోకి వెళ్లేముందు రివ్యూ చేసి, మార్పులు చెప్పాల్సింది నేనే. నిజమైన తప్పు ఒక్కటే దొరికింది. కామెంట్లు మాత్రం పదిహేను పెట్టాను. ‘డాక్యుమెంటేషన్‌లో ఈ ధోరణి తగదు’ అంటూ ఆ మొదటి మాటలే తీసేయించాను. ఆమె అన్నీ మారు మాట్లాడకుండా సరిచేసి, ల్యాబ్‌లోనూ ఆ పేజీయే పెట్టింది.

తర్వాత రెండు రోజులకు, కామవరపుకోట నుంచి వచ్చి నేర్చుకుంటున్న అంగన్‌వాడీ టీచరు రత్నకుమారి గారు నన్ను పిలిచారు.

“ఏవండీ, పైన ఒక మాట ఉండేది, ఏమైందండీ?”

“అవసరం లేదని తీశామండి.”

“నాకు అవసరమేనండి. మొదటిరోజు ఎర్రగా ఏదో వచ్చేసరికి మెషిన్ పాడుచేశాననుకుని బ్యాగు సర్దేసుకున్నాను. అది చదివాకే మళ్లీ కూర్చున్నాను.”

ఆ మధ్యాహ్నమే ఆ వాక్యాలు తిరిగి పెట్టి, సువార్త దగ్గరికి వెళ్లాను.

“ఆ కామెంట్లలో పద్నాలుగు కుళ్లుతో పెట్టినవేనండి” అన్నాను.

“తెలుసండి.”

“మరి ఎందుకు ఊరుకున్నారు?”

“పేజీ బయటికి రావాలి కదండీ.”

నా మొదటి పేజీ చూసిపెట్టమన్నాను. మొహమాటపడుతూనే ‘ఇది చాలా సులభం’ అన్న వాక్యం మీద వేలు పెట్టింది. “రానివాళ్లకి ఇది చదివితే సిగ్గేస్తుందండి.” వెతికితే ఆ మాట నా పేజీలన్నిటా ఉంది.

తప్పు లేకుండా రాయడం నాకు వచ్చు. చదివేవాళ్లు ఎక్కడ లేచి వెళ్లిపోతారో ఆమెకు తెలుసు. ఆమె కొత్త పేజీ తెచ్చినప్పుడల్లా ఇప్పటికీ లోపల కుళ్లు కదులుతుంది. అందుకే ఆ రోజున రివ్యూ మొదలుపెట్టను.