బియ్యం డబ్బాలో ఫోను

ముందే చెప్పేస్తాను, నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు కరెంటు పోయి అక్కా నేనూ భయపడితే, కొవ్వొత్తి వెలిగించి గోడ మీద నీడలు ఎలా పడతాయో పాఠం చెప్పేవారు. ఆ ఇంట్లోకి దయ్యమంటూ వస్తే అది కూడా నాన్న దగ్గర పరీక్ష రాసి పాసవ్వాల్సిందే.

పైగా నా ఉద్యోగం కూడా అలాంటిదే. ఓ చాటింగ్ యాప్ తయారుచేసే కంపెనీలో టెస్టర్ని. మెసేజీలు సరిగా వెళ్తున్నాయా, వెళ్ళకూడనివి ఆగుతున్నాయా అని చూడటమే పని. కంపెనీ హైదరాబాదులో ఉంది, నేను మాత్రం భీమడోల్లో మా ఇంటి వెనక గదిలో కూర్చుని చేస్తాను. మా పనిలో వింత అనే మాట లేదు. తప్పు జరిగితే దానికి కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే సరిగా వెతకలేదని అర్థం.

ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం నాకు కారణం దొరకలేదు. వెతకడంలో లోపమూ చేయలేదు.

నా పేరు రూతు. అక్క పేరు ఎస్తేరు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కలిదిండి దగ్గర చేపల చెరువులున్న వాళ్ళింటికి కోడలిగా వెళ్ళింది, అక్కడే బళ్ళో టీచరు. పెళ్ళికి ముందు మా చర్చిలో పాటంటే అక్కే. అక్క పాడుతుందంటే ఆలస్యంగా వచ్చే వాళ్ళు కూడా ఆ రోజు తొందరగా వచ్చేవారు.

నాకేమో ఓ రీల్స్ పేజీ ఉండేది. పేరు ‘భీమడోలు బుల్లెమ్మ’. ఉద్యోగంలో నేను నోట్లో నాలుక లేని మనిషిని, ఆ పేజీలో మాత్రం నోరు తెరిస్తే ఆగేది కాదు. అమ్మ వంట, నాన్న మధ్యాహ్నం గురక, పక్కింటి కోడిపుంజు, దేన్నీ వదల్లేదు. చూసేవాళ్ళు పెరిగినకొద్దీ నా కళ్ళు నెత్తికెక్కాయి. ఎక్కడ రూతు ఆగుతుందో, ఎక్కడ బుల్లెమ్మ మొదలవుతుందో నాకే తెలియకుండా పోయింది.

అక్క పెళ్ళయ్యాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి మా చర్చిలో ఒక్కతే నిలబడి పాడింది. పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు జీరపోయి కీచుమంది. ఒకే ఒక్క క్షణం. వెంటనే సర్దుకుని పాట పూర్తి చేసింది కూడా. నేను ఆ ఒక్క క్షణాన్నీ కత్తిరించి, దానికి బాతు అరుపు తగిలించి పేజీలో పెట్టాను. నలుగురినీ నవ్వించడానికే పెట్టానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను.

నవ్వారు. బాగా నవ్వారు. అక్క బళ్ళో వరండాలో నడుస్తుంటే వెనక నుంచి పిల్లలు బాతుల్లా అరిచారు. తోటి టీచరొకాయన దాన్ని రింగ్‌టోన్‌గా పెట్టుకున్నారు. నేను తీసేసేసరికి అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో లెక్కే లేదు. ఊరి నోట పడ్డది పేజీలోంచి తీసేస్తే పోతుందా.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అన్నిచోట్లా బ్లాక్ చేసింది, అంతే. పాడటం మానేసింది. చర్చిలోనే కాదు, వంటింట్లో కూనిరాగం కూడా లేదని బావ అమ్మతో చెప్పాడు. సిగ్గుతో పేజీ మూసేశాను. అమ్మ ఫోనుతో చేసినా నా గొంతు వినగానే పెట్టేసేది. అలా రెండేళ్ళు గడిచాయి.

ఇంతలో అక్కకి నెల తప్పింది. మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెలలో అమ్మానాన్నా వెళ్ళి పిల్లని తెచ్చుకుంటారు. అక్క రానంది. అది ఉన్న ఇంటికి నేను రాను అంది. అది అంటే నేను. పోనీ నేనే హైదరాబాదు వెళ్ళి హాస్టల్లో ఉంటానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఒకదాన్ని తెచ్చుకోడానికి ఇంకోదాన్ని పంపేయమంటావేంటే. ఇద్దర్నీ నేనే కన్నాను కదా" అంది. అని, కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ రోజు నుంచి నేను క్షమాపణ వల్లె వేయడం మొదలుపెట్టాను. స్నానాల గదిలో, మేడ మీద బట్టలారేస్తూ, కూరగాయలు తరుగుతూ. పరీక్షకి చదివినట్టు చదివాను గానీ, అప్పజెప్పడానికి మనిషి లేదు.

ఓ శనివారం నాన్న ఆఖరిసారి అడిగి చూద్దామని సున్నుండలూ, సపోటాలూ పట్టుకుని అక్క దగ్గరికి బయల్దేరారు. నేనూ కారెక్కాను. ఏలూరు దాటి కొల్లేరు వంతెన దగ్గరికొచ్చేసరికి నా ధైర్యం అయిపోయింది. దింపేయమన్నాను, తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకోమన్నాను.

నీళ్ళ అంచున గూడబాతులు బారుగా కూర్చున్నాయి. అంత పెద్ద పక్షులు ముక్కు కింద సంచీలు వేలాడేసుకుని, బజారుకి బయల్దేరిన వాళ్ళలా ఉన్నాయి. పేజీ మూసేసినా చేతులు ఊరుకోవు కదా. ఇంకాస్త దగ్గరికెళ్ళి వీడియో తీయబోయాను. అందులో ఒకటి ఉన్నట్టుండి రెక్కలు విప్పి నా మీదుగా లేచింది. ఉలిక్కిపడ్డాను, ఫోను నీళ్ళలో పడిపోయింది.

పడవలో వల సర్దుకుంటున్న ఓ పెద్దాయన చూసి, మొలలోతు నీళ్ళలోకి దిగి, కాలితో బురద తడిమి తడిమి పావుగంటకి పైకి తీశాడు. నా చేతిలో పెడుతూ, "పోయినట్టేనండమ్మాయిగారూ. చేపకైతే మొప్పలుంటాయి, దీనికేమున్నాయండి పాపం" అన్నాడు. ఏడుద్దామనుకున్నదాన్ని నవ్వేశాను.

నాన్న ఒక్కరే తిరిగొచ్చారు. సున్నుండలు తీసుకుందట. సపోటాలు పచ్చిగా ఉన్నాయని బావ సగం వెనక్కి పెట్టేశాడట. వస్తానని మాత్రం అనలేదట.

ఇంటికొచ్చాక ఏం చేశామో వరసగా చెబుతాను, ఎందుకంటే తర్వాత ఇదే ముఖ్యం. ఫోను తుడిచి నొక్కితే వెలగలేదు. సిమ్ము తీసి అమ్మ కుట్టుమిషను సొరుగులో పెట్టాను. ఫోనుని అమ్మ బియ్యం డబ్బాలో పాతిపెట్టింది, వెనక్కొచ్చిన సపోటాల పక్కనే. మా ఇంట్లో సపోటాలైనా సీతాఫలాలైనా మగ్గాలంటే బియ్యంలోకే. తడిసిన ఫోనుకి బియ్యం వైద్యం పనిచేయదని నాకు తెలుసు. అమ్మకి చెప్పాను కూడా.

"రెండ్రోజులు మగ్గనియ్యవే, అదే పలుకుతుంది" అంది అమ్మ. మూత పెట్టేసింది.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి పన్నెండు దాటింది. అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, మూడు సోలల బియ్యం కొలిచి తెమ్మంది. డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాను. సోల ముంచుతుంటే వేళ్ళకి ఫోను తగిలింది, చల్లగా. నాకేమైందో తెలియదు, దాని మీద చెయ్యి అలాగే ఉంచి "అక్కా" అన్నాను.

ఆ తర్వాత ఆగలేదు. వల్లె వేసిన మాట ఒక్కటీ రాలేదు. నువ్వు పాడుతుంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్ళు అక్కా అన్నాను. నీ పక్కన నిలబడితే నన్నెవరూ చూసేవారు కాదు, అందుకే నన్ను చూడమని ఊరందర్నీ పిలుచుకున్నాను అన్నాను. నీ గొంతు తప్పిన ఒక్క క్షణం దొరికితే నాకు పండగైంది, నవ్వించడానికి కాదు పెట్టింది అన్నాను. ఆ మాట అంతకుముందు నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఇంటికి రా, నేను మేడ మీద గదిలో ఉంటాను, నీ కంట పడను, నువ్వు మాత్రం రా అన్నాను. ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ అన్నాను.

వెనక నుంచి అమ్మ, "బియ్యంతో ఏం కబుర్లే, ఎసరు మరిగిపోతోంది" అంది. లేచి మొహం కడుక్కుని బియ్యం పట్టుకెళ్ళాను. చేపల పులుసుతో అన్నాలు తిన్నాం. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

నాలుగింటికి గుమ్మం ముందు కారాగింది. బావ దిగి అటువైపు తలుపు తీశాడు. పొట్ట పట్టుకుని మెల్లగా అక్క దిగింది.

ఇచ్చిన మాట ప్రకారం నేను మేడమెట్ల వైపు పరుగెత్తబోయాను.

"ఎక్కడికే? అన్నేసి మాటలు చెప్పి ఇప్పుడు దాక్కుంటావా?" అంది అక్క.

ఏం మాటలని అడిగాను. తన ఫోను తీసి వినిపించింది. నా పేరుతో, నా బొమ్మతో ఓ వాయిస్ మెసేజీ. నా గొంతే. మొదట ‘అక్కా’, ఆ తర్వాత కుళ్ళు సంగతి, ఊరందర్నీ పిలుచుకున్న సంగతి, మేడ మీద గది సంగతి. మధ్యమధ్య సోలలోంచి గింజలు జారుతున్న చప్పుడు. చిట్టచివర అమ్మ గొంతు, బియ్యంతో ఏం కబుర్లే, ఎసరు మరిగిపోతోంది అని. వచ్చిన టైము ఒంటిగంటకి పది నిమిషాల ముందు.

నా ఫోను చచ్చి వంటింట్లో బియ్యం కింద ఉందని చెప్పబోయాను. అమ్మ అదేమీ పట్టించుకోలేదు. అక్కని పట్టుకుని ఏడుస్తోంది, అంతలోనే నవ్వుతోంది, అల్లుడుగారికి మంచినీళ్ళిమ్మని నాన్నని కేకేస్తోంది. నేనూ వెళ్ళి అక్కని వాటేసుకున్నాను. మధ్యలో పొట్ట అడ్డమొచ్చింది. లోపలున్నది ఓ తన్ను తన్నింది, అది నాకే తగిలింది.

"పిన్నికి ఇంకో రెండు తగిలించమ్మా" అంది అక్క.

రెండేళ్ళ తర్వాత అక్క నాతో ఆడిన మొదటి వేళాకోళం అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనంత సంతోషం.

సంతోషం సంతోషమే, నా బుర్ర ఊరుకోదు కదా. డబ్బా మూత తీసి చూశాను. ఫోను పెట్టినచోటే ఉంది, నొక్కితే వెలగలేదు. సిమ్ము సొరుగులోనే ఉంది. అక్క ఫోనులో బ్లాక్ చేసిన వాళ్ళ వరస తెరిచాను. మొట్టమొదటి పేరు నాదే. బ్లాక్‌లో ఉన్న మనిషి పంపింది అవతలికి చేరకూడదు. చేరకుండా చూడటానికే నాకు జీతమిస్తున్నారు. నా ఖాతా ఇంకే ఫోనులోనూ తెరిచి లేదు. ఆఫీసు లాప్‌టాప్‌లో సొంత ఖాతాలు తెరవనివ్వరు.

సోమవారం తాడేపల్లిగూడెం వెళ్ళి ఫోన్లు బాగుచేసే ఒకాయనకి ఇచ్చాను. విప్పి, భూతద్దం కింద పెట్టి నన్నూ చూడమన్నాడు. లోపలంతా బురద ఎండిపోయి ఉంది. మైకు రంధ్రంలో ఆవగింజంత నత్త ఇరుక్కుని ఉంది.

"ఇది నీళ్ళలోనే పోయిందండి. బయటికొచ్చాక ఒక్క సెకను కూడా వెలిగుండదండి" అన్నాడు.

ఆదివారం మాట్లాడిందండీ అన్నాను. ఆయన నా మొహం కాసేపు చూసి, కూర్చోమని కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

కొత్త ఫోను కొని పాత సిమ్మే వేశాను. అక్కకి అలాంటి మెసేజీ పంపినట్టు నా ఖాతాలో ఆనవాలే లేదు. సరే, కొత్త ఫోనులో రికార్డింగు పెట్టి, బియ్యంలో పాతి, గొంతుక్కూర్చుని "అక్కా" అన్నాను. పదిసార్లు చేశాను. బరబర తప్ప మాట వినిపించలేదు. పదకొండోసారి చేస్తుంటే వెనక నుంచి అక్క చూసింది. గోడ పట్టుకుని నవ్వింది, నొప్పులొస్తాయే ఆపు అని అమ్మ కసిరేదాకా నవ్వింది.

నాన్న కాగితం తీసుకుని, జరిగినవన్నీ వరసగా రాసుకుని నాలుగు రోజులు ఆలోచించారు. ఐదో రోజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నాకు తెలియలేదమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. బావకి ఇంత తర్జనభర్జన లేదు, నెట్‌వర్కు అనేశాడు. అమ్మది ఒకటే మాట. మగ్గింది, పలికింది.

ఏలూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చాక ఓ సాయంత్రం గుక్కపట్టి ఏడుపు మొదలెట్టింది. అందరం మార్చి మార్చి ఎత్తుకున్నాం. నాన్న కొవ్వొత్తి వెలిగించి గోడ మీద నీడలు కూడా చూపించారు. ఊరుకోలేదు. అక్క పిల్లని ఒళ్ళో వేసుకుని మా అందరివైపూ చూసింది.

"ముందు అందరూ ఫోన్లు పట్టుకెళ్ళి బియ్యంలో పెట్టి రండి" అంది.

ఎందుకని ఎవరూ అడగలేదు. అమ్మది, నాన్నది, పిల్లని చూడ్డానికొచ్చిన బావది, అక్కది, నాది, ఐదు ఫోన్లూ డబ్బాలో పెట్టి మూత బిగించి వచ్చి నేల మీద కూర్చున్నాను.

అక్క పాడింది. ఆ క్రిస్మస్ పాటే. పై స్థాయి దగ్గర గొంతు మళ్ళీ జీరపోయింది. అక్క సూటిగా నా కళ్ళలోకి చూసి, తనే బాతులా ఓ అరుపు అరిచి, పాట అందుకుని పై స్థాయికి తీసుకెళ్ళింది. పిల్ల ఏడుపు మర్చిపోయి నోరు తెరుచుకుని చూసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడ్చానో నవ్వానో చెప్పలేను.

అక్క నన్నింకా బ్లాక్‌లోనే ఉంచింది. ఇంకోటి వస్తుందేమో చూద్దాం అంటుంది. అందుకని నేను బియ్యం కొలిచినప్పుడల్లా డబ్బాలోకి ఓ మాట చెబుతున్నాను. ఇంతవరకూ ఒక్కటీ చేరలేదు. ఆ ఒక్కటీ ఎలా చేరిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆఫీసులో ఇలాంటివాటికి కారణం తేలలేదని రాసి మూసేస్తాం. దీన్ని మూయబుద్ధి కావడం లేదు.

నిన్న కూడా డబ్బా ముందు కూర్చుని, పిల్ల నన్ను చూసి నవ్విందక్కా అని చెబుతున్నాను. వెనక నుంచి అక్క వచ్చి, పిల్లని నా ఒళ్ళో పడేసింది.

"ఆ డబ్బాకెందుకే, ఇక్కడే ఉన్నాను కదా. నాకే చెప్పు" అంది.