వాచీ ముందు నా చేతులు

మొన్న శుక్రవారం పొద్దున మా ఉస్తాద్ పోయారు. ఛత్రినాకలో బస్సు దిగుతుంటే ఆయన అల్లుడు ఎదురొచ్చి, "అన్నా, మామ పోయిండే" అన్నాడు. పక్కనే ఉన్న దుకాణం అరుగు మీద కూలబడ్డాను. టిఫిను డబ్బాల కార్ఖానాలో నాకు ప్రెస్సు పని నేర్పిన మనిషి ఆయన. ఆయన నౌకరి ఊడగొట్టింది నేను. ఆ ముక్క దాచిపెట్టి ఆయన మంచితనం గురించి రాస్తే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలి.

పనిలో దిగేముందు ఉస్తాద్ ప్రెస్సుకున్న జాలీని చేత్తో ఊపి చూసేవారు. చెయ్యి లోపలికి పోకుండా ఆపేది అదే. మధ్యాహ్నం గుడ్డ మూట విప్పి రొట్టె తినేవారు. పొద్దంతా డబ్బాలు చేసే మా అందరి రొట్టెలూ గుడ్డల్లోనే ఉండేవి. "మనం చేసిన డబ్బ మనింట్ల లేదు. సేఠు గివన్ని ఎవరికి అమ్ముతడుర?" అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం.

నా పెళ్లయిన ఏడు సేఠు ఒక వాచీ సారును పిలిపించాడు. ఒక్కో మూతకు ఎంతసేపు పడుతుందో చూసి, రోజుకు ఎన్ని చేయాలో ఖరారు చేస్తాడట. ముందురోజే ఉస్తాద్ అందరినీ కూడేసి చెప్పారు: "సారు ముందల మెల్లగ చేయుండ్రి. ఇయ్యాల ఉరికితే రోజు ఉరకాలె. కూలి మాత్రం గంతే ఉంటది."

విన్నాను. తల కూడా ఊపాను. తీరా వాచీ నా పక్కకు వచ్చేసరికి ఏం దయ్యం పట్టిందో! కొత్తగా పెళ్లయిన పొగరు, పనిమంతుణ్ణి అనిపించుకోవాలన్న యావ. మూతలు టపటపా రాల్చాను. సారు "శభాష్" అన్నాడు. ఆ శభాషే మా అందరి మెడకు చుట్టుకుంది.

మర్నాటి నుంచి నా వేగమే అందరికీ కొలత. కూలి పైసా పెరగలేదు. జాలీ అడ్డొస్తోందని ఒక్కొక్కరే విప్పేశారు. ఉస్తాద్ విప్పలేదు, అందుకే వెనకబడ్డారు. సరుకు పెరిగితేనే దేశం పెరుగుతుందని సేఠు గోడ మీద రాయించాడు.

సరుకు పెరిగింది. గోదాములో డబ్బాలు తలెత్తు దాటి దూలాలదాకా పేరుకున్నాయి. పాతబస్తీ దుకాణాలవాళ్లు ఇక వద్దన్నారు. దేశం పెరగాలంటే ఆ డబ్బా ఎవరైనా కొని ఇంటికి తీసుకుపోవాలి కదా! ఆ గల్లీల్లో ఉన్నది మాలాంటి కూలీలే. ఒకరోజు ఉస్తాద్ గోదాము తలుపు దగ్గర నిలబడి, "గివన్ని మన మీదనే పడ్తయిర" అన్నారు.

నెల తిరక్కుండానే సగంమందిని తీసేస్తున్నామన్నారు. మెల్లగా చేసేవాళ్లు ముందు. యాభై దాటిన ఉస్తాద్ పేరు అందరికంటే పైన ఉంది. నన్ను ఉంచారు.

ఆ తర్వాత ఆయన సైకిల్ స్టాండు కాపలా చూశారు. నేను ఆ స్టాండున్న గల్లీ తప్పించి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి, పిరికివాణ్ణి. పోయిన నెల ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని వెళ్లాను.

"ఉస్తాద్, ఆ దినం వాచీ ముందల ఉరికింది నేనే."

"ఎర్కేర. నీ ఎనకాల్నే ఉన్న. నీ చేతులు చూస్కుంట నిలవడ్డ. ఏం పనిర అది! నేను నేర్పిన దానికన్న మంచిగ చేసినవ్. గంత మంచిగ చేసినోనికి కూలి పెంచాలె గని, పక్కోని నౌకరి తీస్తరా? తప్పు నీది గాదు."

నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. కాసేపటికి ఆయనే, "ఏదీ, ఒక్కసారి చూపెట్టు" అన్నారు.

మంచం పక్కన నిలబడి గాలిలోనే చేసి చూపించాను. రేకు పెట్టడం, చెయ్యి తియ్యడం, కాలితో తొక్కడం, మూత లాగడం.

"జర నిమ్మలంగ, బిడ్డా."

దేవుడి సాక్షిగా ప్రయత్నించాను. చేతులు నా మాట వినలేదు. ఆయన కళ్లు మూసుకుని నిద్రలోకి జారేదాకా అవి అదే వేగంతో ఆడుతూనే ఉన్నాయి.