మగ్గం గుంతలో నా కాళ్లు

సముద్రం అవతలి నుంచి నా మనవరాలిని ఎమ్మిగనూరుకు తెచ్చింది నేనే. మా వీధి టీ అంగట్లో ఈ మాట చెప్పని దినం లేదు. అక్కడి కోర్టులో జడ్జమ్మ నా పేరు విన్నాకే సంతకం పెట్టిందని కూడా చేరుస్తుంటాను, ఎదుటివాడు టీ పోయించేటట్టుంటే.

కొంచెం తగ్గించి చెబితే, నేను తెచ్చింది ఆదోని రైలు స్టేషన్ నుంచి. ఇంకొంచెం తగ్గిస్తే, పాప తల్లి భుజం మీద నిద్రపోతూ ఉంది, నేను మోసింది సూట్‌కేసు. దానికి కూడా చక్రాలున్నాయి.

మా కూతురు జాంబియాలో ఒక బడిలో లెక్కలు చెప్పేది. పెళ్లి వద్దనుకుంది. అక్కడి అనాథాశ్రమంలో ఒక పాపను చూసిన తర్వాత మాత్రం తల్లి కావాలనుకుంది. ఒంటరి ఆడమనిషి చేతిలో బిడ్డను పెట్టడానికి వాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. ఇల్లు చూశారు, మళ్లీ వచ్చి చూశారు. చివరికి జడ్జమ్మ, నువ్వు పనికి పోతే బిడ్డను ఎవరు చూసుకుంటారని అడిగిందట. "మా ఊర్లో మా అమ్మా నాయనా" అని చెప్పింది మా కూతురు. నా పేరు అక్కడ ఎవరూ అడగలేదు. కానీ ఆ మాట సముద్రం దాటి వచ్చి మా గడప మీద కూర్చుంది.

ఆదోనిలో ఒక బడివాళ్లు మా కూతురిని పనిలోకి రమ్మన్నారు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి గానీ రాదు. అంతసేపూ పాప మా దగ్గర నిలవాలి. మూడేళ్ల పాప మా ఆవిడ చంకెక్కేది, ఆవిడ పెట్టిన బెల్లం తినేది, ఆవిడ ఇచ్చిన ఎర్రదారం చుట్టిన కండెతో ఆడుకునేది. నన్ను చూస్తే మాత్రం ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చేది. ఉన్నది ఒకటే పెద్ద గది, అందులో సగం నా మగ్గం. నన్ను చూడకుండా ఆ ఇంట్లో ఎవరూ ఉండలేరు.

"ఏం సేసినావప్పా బిడ్డను?" అని పక్కింటామె నిలదీసింది.

"ఆయప్ప ఏం సేయల్యా. గుంత మగ్గంలో కూసుంటే నడుము పైనే కదా కనపడేది. సగం మనిషిని సూస్తే బిడ్డ జడుసుకోదా?" అంది మా ఆవిడ.

నిజమే. కాళ్లు గుంతలోకి వదిలి, నేల మట్టానికి కూర్చుని నేస్తాం మేము. ఆ పాప లోకంలో నడుము దాకా ఉన్న తాత ఎక్కడ ఉంటాడు? సరేనని గుంతలోంచి లేచి, పంచె పైకెత్తి, రెండు కాళ్లూ చూపించి గెంతాను. ఇంకా గట్టిగా ఏడ్చింది. లేని కాళ్లు మొలిస్తే ఎవరు ఏడవరు?

"ఈ వారం సూస్తా నాయనా. నిలవకపోతే రానని ఆదోనోళ్లకు సెప్పేస్తా" అంది మా కూతురు.

"పని ఇడ్సిపెట్టి ఏం తింటావమ్మా?"

"ఏడన్నా కూలికి పోతా, దాన్ని ఎత్తుకొని. ఏడుస్తాంటే మాత్రం ఇడ్సి పోను."

వారం ముగిసేలోపు ఒక మధ్యాహ్నం ఆమె బడివాళ్లతో మాట్లాడడానికి ఆదోని పోయింది. ఎండ మండుతోంది, కరెంటు లేదు. కప్పు సందులోంచి పడిన వెలుగు తెల్లటి పడుగు మీద వణుకుతోంది. గాలి తగిలినప్పుడల్లా పోగులు అలల్లా లేచి పడుతున్నాయి. చూడని సముద్రం నా ఒడి దాకా వచ్చినట్టుంది. పేక దారం మోసే నాడె పడవై అటు పోయి ఇటు వస్తోంది. అవతలి గట్టు మీద చిన్న పిల్ల ఎవరో నిలబడి, దాటాలా వద్దా అని చూస్తున్నట్టు అనిపించింది. నేను పాట అందుకున్నాను.

అప్పుడు ఎవరో నా కాలి బొటనవేలు పట్టుకున్నారు.

వంగి చూస్తే పాప. గుంతలోకి దిగి, తొక్కుడు చెక్కల పక్కన చల్లటి మట్టిలో కూర్చుని, నా పాదం మీద చెంప ఆనించి నిద్రపోతోంది. కాళ్లున్నాయో లేదో తడిమి చూసుకుని, ఉన్నాయని తేలాక, నన్ను నమ్మిందన్నమాట. సాయంత్రం దాకా నేను కాలు కదపలేదు. తిమ్మిరెక్కినా పాట ఆపలేదు.

పాట సంగతి అబద్ధం. నేనూ నిద్రపోయాను. నేసిన బట్ట మీద చొంగ కార్చానని మా ఆవిడ తిట్టింది. కళ్లు తెరిచేసరికి మా కూతురు చెప్పులైనా విడవకుండా గుంత అంచున కూర్చుని ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "సోమవారం నుంచి పోతానమ్మా" అని తల్లితో చెప్పింది. పోయింది. పాప నా పక్కనే గుంత గట్టు మీద కూర్చుని, వాకిలిలోంచి కనిపించిన బస్సుకు చెయ్యూపింది.

ఇప్పుడు మా మనవరాలు రెండో తరగతి. మా కంటే గట్టిగా మా ఊరి మాట మాట్లాడుతుంది. ఇదంతా రాసి చదివి వినిపించాను. జడ విప్పుకుంటూ చివరిదాకా విన్నది.

"నీ కాళ్లు సూడనీకి ఎవురు దిగినారు తాతా? నా ఎర్రదారం కండె గుంతలో పడింటే దిగినా. దాని మీద నీ కాలు పెట్టుకోనుంటివి. ఎంత గుంజినా తీయకపోతివి, గుర్రు పెడ్తాంటివి. నువ్వు లేసేదాకా ఆడనే కూసుంటి. అంతే."