పిట్ట ముట్టలేదు

నేను దయ్యాలను నమ్మను. కరీంనగర్‌లో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. ఎవరికైనా గాలి సోకిందని తీసుకొస్తే ముందు హిమోగ్లోబిన్ చూస్తాను. చాలాసార్లు దయ్యం అక్కడే దొరుకుతుంది. ఈ మాటలకు మా అవ్వ నన్ను తిట్టని రోజు లేదు.

ఇది మా అక్క భర్త గురించి. మా బావది చొప్పదండి దగ్గర పల్లె. గల్ఫ్‌లో డ్రైవరుగా చేసేవాడు. వంటశాలలో పని, జీతం ఎక్కువ అని ఆశపెట్టి ఒక ఏజెంటు ఆయన్ను ఇంకో దేశానికి పంపించాడు. దిగాక తెలిసింది, అక్కడ యుద్ధం జరుగుతోందని. వంట పని కాదు, కందకాలు తవ్వించారు. కొన్నాళ్ళకు అవతలి సైన్యం వచ్చి అక్కడున్న వాళ్ళందరితోపాటు బావనూ పట్టుకుపోయింది. ఆ యుద్ధం ఎవరిదో, ఎందుకో ఆయనకే సరిగా తెలియదు. ఆ ఏజెంటును తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

యుద్ధఖైదీల ఉత్తరాలను ఇళ్ళకు చేరవేసేవాళ్ళు ఉంటారని మాకు అప్పుడే తెలిసింది. మొదటి ఉత్తరం ఒకే ఒక్క కాగితం. ఇంటి సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదట. తేదీ మీద, ఊరి పేరు మీద నల్లసిరా పూశారు. "మంచిగనే ఉన్న. ఫికర్ చెయ్యకుండ్రి. బిడ్డను బడి మానిపియ్యకుండ్రి" అని రాశాడు. అక్క ఆ కాగితాన్ని మడతలు చిరిగేదాకా చదివింది.

వానాకాలంలో ఆ ఉత్తరాలు చేరవేసేవాళ్ళ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. శిబిరంలో జబ్బుతో చనిపోయినవాళ్ళలో బావ పేరుందని, శవం రాదని చెప్పారు.

శవం లేకపోతే మా దగ్గర మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి కాలుస్తారు. అలాగే చేశారు. మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని పెద్దవాళ్ళు మాట ఇచ్చి బతిమాలతారు.

చేను గట్టున అన్నం, కార్జం కూర, సర్వపిండి పెట్టారు. కాకులు చెట్టు మీదే కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. అక్క వాళ్ళ మామ తలకు చుట్టుకున్న రుమాలు తీసి ఆకు ముందు పరిచి, చేతులు జోడించాడు.

"తిను కొడుకా. నీ బిడ్డను నేను సాదుత. గింత ముట్టు."

కాకులు కదల్లేదు. ఆయన అక్క వైపు తిరిగి, "నువ్వన్న ఒక్క మాట అను బిడ్డా, నీ మాట ఇంటడు" అన్నాడు. అక్క పత్తిచేను వైపు మొహం పెట్టి నిలబడింది, అంతే. ఎండ నెత్తికెక్కాక ఆ అన్నం ఆవుకు పెట్టి ఇంటికొచ్చాం.

అగరుబత్తుల పొగ, ఫోన్లు ఎత్తిపట్టుకున్న కుర్రాళ్ళు, ఏడుపులు. అంతమంది చూస్తుంటే నేనైనా తినను, కాకి ఎలా తింటుంది? అప్పుడు నేను అనుకున్నది ఇదే.

పదకొండో రోజు గాజులు తీయడానికి ఆడవాళ్ళు వస్తే అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది.

"పిట్ట ముట్టలే. నేను తియ్య."

ఎంత చెప్పినా వినలేదు. మొగుడు పోయినా బొట్టు చెరపలేదని ఊరంతా మాట్లాడింది. నాకూ కోపం వచ్చింది. ఉన్న నిజాన్ని ఒప్పుకుంటే ఏడ్చి తేరుకుంటుంది కదా అని నా బాధ.

పత్తి ఏరే రోజుల్లో ఇంకో ఉత్తరం వచ్చింది. ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. అక్క చేతిలోంచి నేనే తీసుకుని చదివాను. అక్షరాలు బావవే. ఇలా ఉంది:

"పగటీలి జర కన్నంటుకుంది. బాపు రుమాలు పరిచి, చేతులు జోడిచ్చి తినుమని బతిమాలుతుండు. అందరు ఏడుస్తుండ్రు. నాకు ఆకలి లేకుండె, తినలే. బాపు మనసు కష్టమైందో ఏమో. నువ్వొక్కదానివే అటు మొకం పెట్టి నిలబడ్డవు. ఈసారి నువ్వే పెట్టు. తింట."

చదవడం ఆపేసరికి మామ తలకున్న రుమాలు తీసి చేతుల్లో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. నా చేతిలో కాగితం చల్లగా తగిలిందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అది నా భయమే అయి ఉంటుంది.

ఆ పిట్ట సంగతి ఆయనకు ఎవరూ రాయలేదు. చనిపోయాడనుకున్న మనిషికి ఉత్తరం ఎవరు రాస్తారు? ఆయన దగ్గర ఫోను లేదు. ఆఫీసుకు ఫోను చేస్తే, ఉత్తరం ముందెప్పుడో రాసిందై ఉంటుంది, దారిలో ఆలస్యమైంది, పేరైతే చనిపోయినవాళ్ళలోనే ఉంది అన్నారు. తేదీ మీద సిరా పూశారు. ఆ కాగితాన్ని ల్యాబుకు తీసుకెళ్ళి వెలుతురుకు పెట్టి చూశాను. మైక్రోస్కోపు కింద పెట్టి కూడా చూశాను. సిరా తప్ప ఏమీ కనిపించలేదు.

తర్వాత రాసి ఉంటే మా బావ బతికే ఉన్నాడు. ముందే రాసి ఉంటే, ఇంకా జరగనిదాన్ని ఎలా చూశాడు? ఈ రెండింటిలో ఏది నమ్మాలో నాకు తెలియదు. ఆ తర్వాత ఉత్తరం రాలేదు.

మొన్న పోయినవాళ్ళకు పెట్టుకునే పెత్రమాస నాడు మామ అక్క దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "వాడే అడిగిండు గద బిడ్డా. నీ చేత్తోని ఇంత పెట్టు, తిని పోతడు."

"పెడితే తింటడు మామా," అంది అక్క. "గందుకే పెట్ట."

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఎంగిలి చేత్తో కాకిని తోలడని పిసినారులను వెక్కిరిస్తాం. మా అక్క ఇంట్లో ఎవరూ తోలరు. విదిలించిన చేతి నుంచి ఒక్క మెతుకైనా రాలి పడుతుందని అక్కకు భయం. ఆ రోజు నేను తింటుండగా గోడ మీద కాకి వాలింది. నేను చేయి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు లేచి తరిమాను.