జడ్జిసాబ్ రాసుకున్న నా మాటలు

ఫ్రిజ్ తలుపు తెరవగానే పచ్చిమాంసపు చల్లటి వాసన తగిలితే, ఇప్పటికీ నాకు రాజలింగం సార్ గుర్తుకొస్తారు. ఖతార్‌లోని దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు, పనికి వెళ్ళిన మనవాళ్ళం గదులు పంచుకొని ఉన్న విల్లాలో ఆయనను అందరూ జడ్జిసాబ్ అనేవారు. ఒకప్పుడు మన సైన్యంలో సిపాయి, అక్కడ సెక్యూరిటీ గార్డు. విల్లాలో తగాదా వస్తే ఇద్దరి మాటలూ నోట్‌బుక్‌లో రాసి, చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో పెట్టించుకున్నాకే తీర్పు చెప్పేవారు. వెనకటి కాలంలో అమెరికా సిపాయి ఒకడు యుద్ధం ముగిశాక ఈజిప్టుకు వెళ్ళి జడ్జీ అయ్యాడని, భాష రాని దేశం కనుక ప్రతి మాటా మళ్ళీ చదివించుకునేవాడని, అదంతా ఒక పాత పుస్తకంలో చదివానని అనేవారు. ఆ సిపాయి అసలు ఉన్నాడనే నేను నమ్మలేదు.

నేనూ, నిజామాబాద్ హసీనా ఆ విల్లా మెస్‌లో వండేవాళ్ళం. ఒకరోజు చికెన్ తిన్నవాళ్ళందరికీ వాంతులయ్యాయి. ఎవరో దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకుండా వదిలేశారు. తప్పు మా ఇద్దరిలో ఎవరిదైతే వాళ్ళు మెస్ వదిలి పోవాలన్నారు విల్లావాళ్ళు.

"నేను ఫ్రిజ్‌లనే పెట్టిన. హసీనానే తీసి ఉంటది" అన్నాను.

సార్ రాసి, చదివి, ఇంక్ ప్యాడ్ నా ముందుకు జరిపారు. నేను వేలు వెనక్కి తీసుకున్నాను.

"మీరు చదివింది ఒకటి, రాసింది ఇంకొకటైతే? హసీనా మిమ్మల్ని మామూ అంటది గదా."

ఆయనకు కోపం రాలేదు. "మంచిదే, నన్ను నమ్మకు. చదువు నేర్చుకొని నువ్వే చూసుకో. అప్పటిదాకా తీర్పు లేదు, మీ ఇద్దరికీ వంట లేదు, అంట్లే."

అలా, ఆయన మోసాన్ని పట్టుకోవడానికే నలభై ఏడేళ్ళ వయసులో అక్షరాలు దిద్దాను. ఆయన నేర్పిన ప్రతి అక్షరాన్నీ పక్క గదివాళ్ళకు చూపించి, సరైనదేనా అని అడిగేదాన్ని. హసీనా నా పక్కనే అంట్లు తోముతూ, "అక్కా, ఒత్తులు అయినయా? జర జల్దీ నేర్చుకో. నా నౌకరీ నీ పలక మీద ఆగింది" అనేది.

మూడు నెలల తర్వాత నోట్‌బుక్ తెప్పించుకొని, వేలు పెట్టి చదివాను. ఒక్క మాట మారలేదు. నా అబద్ధం నా యాసలోనే, నేను చెప్పినట్టే ఉంది. ఆ వరుసను మళ్ళీ మొదటి నుంచి చదివాను.

"ఏమ్మా, తప్పు రాసిన్నా?"

"మీరు కాదు సార్. నేనే తప్పు చెప్పిన. చికెన్ నేనే బయట మరిచిన."

"అయితే కొట్టేసి నువ్వే రాయి" అని పెన్ను ఇచ్చారు.

నా చేత్తో రాసిన మొదటి వాక్యం అదే. హసీనా తిరిగి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నేను మెస్ వదిలి వేరే ఇంట్లో పనికి చేరాను.

నా అబద్ధం ఆయనకు మొదటి రోజే తెలుసేమో, చదువు పేరుతో నన్ను నాచేతనే పట్టించారేమో అని ఇప్పటికీ అనుమానమే. అడుగుదామంటే ఆయన లేరు. కానీ ఎవరి మీదైనా ఒక మాట అనాలనిపిస్తే, ముందు కాగితం మీద రాసి చదువుకుంటాను. చాలాసార్లు ఆ కాగితం చింపేస్తాను.