ఎర్రలు లేని ఎరువుకుప్ప

నా చిన్నప్పుడు, ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం. తోటపల్లి గూడూరు దగ్గరి మా ఇంట్లో ఆ రోజు ఉన్నది నాయనమ్మ, తాతయ్య, కొత్తగా పెళ్లయిన మేనత్త, ఆమె భర్త, నేను.

మాది ఉప్పుగాలి తగిలే ఇసక నేల. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోయేవి. నాయనమ్మ ఏళ్ల తరబడి ఆ ఇసకతో పోరాడింది. పెరట్లో నీడపట్టున పేడ, ఎండుటాకులు పొరలుగా వేసి, తడి గోనెలు కప్పి మాగబెట్టేది. వేడి చల్లారిన ఆ కుప్పలోకి ఎప్పటికో వానపాములు చేరాయి. మేం ఎర్రలంటాం. అవి తిని వదిలిన నల్లటి గుళికల మట్టి వేశాకే మా పెరట్లో వంకాయ కాసింది. వానలు పడగానే నారు నాటాలని ఆమె ఆ కుప్పను కాపాడుకుంటోంది.

ఆ రోజు మామయ్య, అంటే కొత్త అల్లుడు, గాలం పట్టుకుని కాలువకు వెళ్లాడు. సాయంత్రం నాలుగు జెల్లచేపలతో నవ్వుతూ వచ్చాడు. ఎర ఎక్కడిదో పెరట్లోకి వెళ్లిన నాయనమ్మకు తెలిసింది. గోనెలు ఒక పక్క, ఎరువు ఒక పక్క. గాలానికి పనికిరాని సన్న ఎర్రలు ఎండకు దారప్పోగుల్లా ఎండిపోయి ఉన్నాయి.

"ఎర్రలే గదత్తా! మళ్లీ రావా?" అన్నాడాయన.

"ఎందుకు రావు నాయనా, మీరు కబురు పెడితే బస్సెక్కి వస్తాయి!" నాయనమ్మ గొంతు వీధి దాకా వినిపించింది. "వాటిని ఈ ఇసకలోకి రప్పించేదానికి నా నడుం పడిపోయింది. ఆ చేపలు మీరే వండుకోండి. నా తోటను నేను పులుసు పెట్టను."

మేనత్త ఏడ్చింది. "అల్లుణ్ణి ఎవురన్నా అట్టంటారా?" అని తాతయ్య గదమాయించాడు.

"అల్లుణ్ణి నెత్తిన పెట్టుకుంటా. నా మట్టి జోలికొస్తే ఊరుకోను," అందామె. చేపలు పక్కింటికి పోయాయి. మేం మజ్జిగన్నం తిన్నాం.

మర్నాడు పొద్దున మామయ్య లుంగీ ఎగ్గట్టి, పేడతట్ట మోసుకొచ్చాడు. కాలువగట్టున ఏరిన ఎర్రలు కొబ్బరిచిప్పలో ఉన్నాయి. "చాలునా అత్తా?" అన్నాడు. ఆమె ఆయన ముఖం చూడకుండానే, "నీడన వెయ్యండి," అంది.

నిన్న, ఇప్పుడు నేనుంటున్న వెంకటాచలంలో, పక్క స్థలం చదును చేస్తూ నా పెరటి పైమట్టిని కూడా ట్రాక్టరుతో గీకేశారు. ఏళ్లపాటు ఎరువేసి పెంచిన మట్టి. "మట్టే గదవ్వా," అన్నాడు దగ్గరుండి చేయించినవాడు. నా గొంతూ వీధి దాకా వినిపించే ఉంటుంది.

ఈ పొద్దున గేటు దగ్గర నిలబడి చూశాను. తట్ట పట్టుకుని ఎవరూ రాలేదు. నాయనమ్మ కోపం నాలో అలాగే ఉంది. పేడ కోసం నేనే బయలుదేరాను.